రాడార్ డిటెక్టరా, మ్యాప్ యాపా, కారులోని అలారమా? సీమ హైవేల మీద ఏది పనికొస్తుంది

కర్నూలు నుంచి బెంగళూరుకు వారం వారం పోయొచ్చేవాళ్లు, కడప–తిరుపతి మధ్య టాక్సీ తిప్పేవాళ్లు, కొత్త కారు కొని మొదటి చలానా అందుకున్నవాళ్లు తరచుగా అడిగే మాట ఒకటుంది. పోలీసుల స్పీడ్ గన్ ఎక్కడుందో ముందే చెప్పే మెషిన్, అదే రాడార్ డిటెక్టర్, దొరుకుతుందట కదా, కొనొచ్చా అని. దొరుకుతుంది. కొనొద్దు. ఎందుకొద్దంటున్నానో, ఆ డబ్బు దేనికి పెడితే మేలో, ఎవరి బండికి ఏది సరిపోతుందో ఇక్కడ రాస్తున్నాను.

ముందు మన రోడ్ల సంగతి. 44వ నంబరు జాతీయ రహదారి తుంగభద్ర దాటి కర్నూలు, వెల్దుర్తి, డోన్, గుత్తి, పామిడి, అనంతపురం, పెనుకొండ మీదుగా కర్ణాటకలోకి పోతుంది. నాలుగు లేన్లు, మధ్యలో డివైడర్, కనుచూపు మేర తిన్నగా పోయే రోడ్డు. కాలు దానంతటదే యాక్సిలరేటర్ మీద బరువెక్కే దారి ఇది. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, చాగలమర్రి, మైదుకూరు మీదుగా కడపకు పోయే 40వ నంబరు రోడ్డు అలాంటిది కాదు. ఊళ్లు తగులుతుంటాయి, పంట కాలంలో ట్రాక్టర్లు అడ్డం వస్తుంటాయి. అదే రోడ్డు కడప దాటి రాయచోటి వైపు పోతే గువ్వలచెరువు ఘాట్ ఉంది. పాలకోవా కోసం ఆగే చోటని అందరికీ తెలుసు, మలుపుల్లో లారీలు బోల్తా పడే చోటని డ్రైవర్లకు ఇంకా బాగా తెలుసు. గుత్తి, తాడిపత్రి వైపు నుంచి మైదుకూరు, బద్వేలు మీదుగా నెల్లూరు దిక్కు పోయే 67వ నంబరు మీద సిమెంటు లారీలు, బండలు మోసే బండ్లు ఎక్కువ. ఇన్ని రకాల రోడ్ల మీద ఒకే పరికరం ఒకేలా పనిచేస్తుందని ఎవరైనా అమ్మజూపితే నమ్మొద్దు.

వేగం ఎంతవరకు

కేంద్రం 2018 ఏప్రిల్‌లో ఇచ్చిన నోటిఫికేషన్‌లో డివైడర్ ఉన్న నాలుగు లేన్ల రోడ్డు మీద కార్లకు 100, బస్సులకు 90, సరుకు లారీలకు 80, బైకులకు 80, ఆటోలకు 50 అని గరిష్ఠ వేగాలు పెట్టారు. మున్సిపాలిటీ హద్దుల్లో కార్లకు 70, బస్సులకు, లారీలకు, బైకులకు 60. ఇవి పైహద్దులు మాత్రమే. రాష్ట్ర ప్రభుత్వం, స్థానిక అధికారులు అంతకన్నా తక్కువ పెట్టొచ్చు, చాలాచోట్ల పెట్టారు కూడా. కాబట్టి కెమెరా లెక్కేసేది మనకు గుర్తున్న 100ను కాదు, ఆ చోట బోర్డు మీద రాసిన అంకెను.

డ్రైవర్లకు కోపం తెప్పించేది సరిగ్గా ఇక్కడే. 100లో వస్తున్న బండికి ఉన్నట్టుండి 60 బోర్డు కనబడుతుంది. అది కూడా చెట్టు కొమ్మ చాటున, లేకపోతే ఆగి ఉన్న లారీ వెనక. అక్కడే గన్. ఈ ఫిర్యాదులో న్యాయం ఉంది. 2021 ఆగస్టులో మోటారు వాహనాల నియమాల్లో చేర్చిన 167ఏ నియమం ప్రకారం కెమెరాతో నిఘా పెట్టిన చోటికి ముందే, అందరికీ కనబడేలా హెచ్చరిక బోర్డు ఉండాలి. పరికరానికి ఏటా కొత్తగా తీసుకునే ఆమోద ధ్రువపత్రం ఉండాలి. నేరం నమోదైన 15 రోజుల్లోపు నోటీసు పంపాలి. ఈ మూడు షరతులూ చాలామంది డ్రైవర్లకు తెలియవు. తెలిసి ఉంటే తిట్టుకుని ఊరుకోకుండా సరైన చోట అభ్యంతరం పెట్టొచ్చు.

కెమెరాలు డబ్బుల కోసమే తప్ప ప్రాణాల కోసం కాదన్న మాటతో మాత్రం నేను ఏకీభవించను. ఆరోగ్య పరిశోధనలను కలిపి పరిశీలించే కోక్రేన్ సంస్థ 2010లో తెచ్చిన సమీక్ష వేరువేరు దేశాల్లో జరిగిన 35 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూసింది. కెమెరాలు పెట్టిన చోట్ల పరిసరాల్లో ప్రాణాంతక, తీవ్ర ప్రమాదాలు 11 నుంచి 44 శాతం దాకా తగ్గాయి. మన దేశంలో 2022లో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక చెప్పింది. అందులో 70 శాతానికి పైగా మరణాలు అతివేగం ఖాతాలోనివే. ఈ అంకెలు ముందు పెట్టుకుని కెమెరా వద్దనడం నాకు చేతకాదు. కెమెరా ఎక్కడ పెట్టారు, ఎలా పెట్టారు అన్నది మాత్రం గట్టిగా అడగాల్సిందే. గత మూడేళ్లలో ఐదు తీవ్ర ప్రమాదాలు గానీ పది మరణాలు గానీ జరిగిన అర కిలోమీటరు ముక్కను కేంద్రం బ్లాక్ స్పాట్ అంటుంది. కెమెరా అలాంటి చోట ఉంటే ఎవరూ కాదనరు.

మనల్ని కొలిచేది ఏది

పరికరం కొనేముందు ఎదుటివాళ్ల చేతిలో ఏముందో తెలియాలి. రాడార్ డిటెక్టర్ మీద పెట్టే డబ్బు వృథా అయ్యేది ఇది తెలియకే.

పాతకాలపు రాడార్ గన్ మైక్రోవేవ్ తరంగాన్ని వదులుతుంది. అది బండికి తగిలి వెనక్కి వచ్చేటప్పుడు దాని ఫ్రీక్వెన్సీ మారుతుంది. ఆ తేడానుంచి వేగం లెక్కగడుతుంది. ఈ తరంగం వెడల్పుగా పరుచుకుంటుంది కాబట్టి మన ముందున్న బండ్ల మీద పడ్డ తరంగం చెదిరి మనదాకా వస్తుంది. డిటెక్టర్ పట్టుకునేది దాన్నే. అంటే ముందు ఇంకొకరిని కొలుస్తుంటే మనకు తెలుస్తుంది. డిటెక్టర్ కిటుకంతా ఇంతే.

ఇప్పుడు మన దగ్గర హైవే పోలీసుల చేతిలో, వేగం కొలవడానికి తిప్పే ఇంటర్‌సెప్టర్ బండ్లలో ఎక్కువగా కనిపించేది లేజర్ గన్. దాని కిరణం చాలా సన్నం. 300 మీటర్ల దూరంలో కూడా మీటరు వెడల్పుకు మించదు. నంబరు ప్లేటుకో హెడ్‌లైటుకో గురిపెట్టి మీట నొక్కితే అర సెకను లోపు దూరాలు వరసగా కొలిచి వేగం చెప్పేస్తుంది, ఫొటో కూడా తీస్తుంది. కిరణం పక్కలకు చెదరదు కాబట్టి ముందే పసిగట్టడానికి ఏమీ దొరకదు. డిటెక్టర్ మోగిందంటే అప్పటికే మన వేగం వాళ్ల తెర మీద ఉంది.

మూడోది నంబరు ప్లేటు చదివే కెమెరా. రోడ్డుకు అడ్డంగా ఇనుప ఫ్రేము మీద పెడతారు. రెండు ఫ్రేముల మధ్య దూరం తెలుసు, రెండింటి కిందా బండి దాటిన సమయం తెలుసు. 10 కిలోమీటర్లను 5 నిమిషాల్లో దాటితే సగటు వేగం 120. ఇలా కొలిచే కెమెరా దేన్నీ ప్రసారం చేయదు. డిటెక్టర్‌కు దీని ఉనికే తెలియదు. జాతీయ రహదారుల సంస్థ 2023లో మార్చిన ట్రాఫిక్ నిర్వహణ ప్రమాణాల ప్రకారం కొత్త తరం వీడియో కెమెరాలు ప్రతి 10 కిలోమీటర్లకు ఒకటి చొప్పున పెట్టాలి. హెల్మెట్, సీట్ బెల్టు, ట్రిపుల్ రైడింగ్ లాంటి 14 రకాల సంగతులను అవే పసిగట్టాలి. హైవేలు పోతున్న దారి అటే.

నా వరకు 44వ నంబరు మీద సగటు వేగం కొలిచే కెమెరాలే ఎక్కువ న్యాయం అనిపిస్తుంది. ఒక్కచోట కొలిచే కెమెరా ముందు అందరూ బ్రేకు కొడతారు, దాటగానే మళ్లీ తొక్కుతారు. వెనక వచ్చే బండికి ఆ బ్రేకు ఎందుకు పడిందో అర్థం కాదు. రాత్రిపూట వెనక పాతిక టన్నుల లోడు లారీ ఉన్నప్పుడు ఇది ప్రాణం మీదికి తెచ్చే పని. సగటు కొలిస్తే ఎవరికీ ఉన్నట్టుండి బ్రేకు కొట్టే అవసరం రాదు. పొరపాటున ఒక్క ఓవర్‌టేక్‌లో 105 తగిలినవాడికి చలానా పడదు, దారి పొడవునా 130లో పోయినవాడు తప్పించుకోలేడు.

రాడార్ డిటెక్టర్

పై మూడింటిలో ఇది ముందే పట్టగలిగేది ఒక్క రాడార్ గన్‌నే, అదీ వాడకం తగ్గుతున్నదాన్ని. మంచి కంపెనీది అమెరికాలోనే వందల డాలర్లు. కడప, రాయచోటి వైపు కువైట్ నుంచి సెలవుకు వచ్చే బంధువుల చేత తెప్పించుకోవాలనుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లు ఒకటి గమనించాలి. ఆ మెషిన్లలో ముందే నింపి ఉండే కెమెరాల జాబితా ఆ దేశాలది. మన డోన్ దగ్గర ఏముందో దానికి తెలియదు.

ఇంకో చిక్కు దొంగ అలారాలు. పక్క లేన్‌లో బండి ఉందని హెచ్చరించే సెన్సార్లు చాలా కార్లలో 24 గిగాహెర్ట్‌జ్ దగ్గర పనిచేస్తాయి. కె బ్యాండ్ అనే ఫ్రీక్వెన్సీలో పనిచేసే రాడార్ గన్‌దీ దాదాపు అదే చోటు. షాపుల ముందు తలుపులు వాటంతటవే తెరుచుకునే సెన్సార్లకూ ఇది అరుస్తుంది. రోజంతా అరిచే మెషిన్‌ను రెండు వారాల్లో ఎవరూ పట్టించుకోరు. పట్టించుకోని అలారం డ్యాష్‌బోర్డు మీద ఉండి లాభమేమిటి?

చట్టం సంగతి. మన మోటారు వాహనాల చట్టంలో రాడార్ డిటెక్టర్ అని పేరు పెట్టి రాసిన నిషేధం లేదు, అమ్మేవాళ్లు దాన్నే పట్టుకుని లీగల్ అంటారు. అంతమాత్రాన చెకింగ్‌లో ప్రశ్నలు రావని కాదు. జామర్ విషయంలో మాత్రం అనుమానమే అక్కర్లేదు. సిగ్నల్‌ను చెడగొట్టే పరికరాన్ని ప్రైవేటు వ్యక్తులు వాడటం చట్టవిరుద్ధమని టెలికాం శాఖ 2022 జనవరిలో మళ్లీ స్పష్టం చేసింది. ఆన్‌లైన్‌లో రెండింటినీ కలిపి ఒకే డబ్బాలో అమ్ముతుంటారు, జాగ్రత్త. అమెరికాలో కూడా వర్జీనియా రాష్ట్రంలో, రాజధాని వాషింగ్టన్‌లో డిటెక్టర్ నిషేధం. అక్కడ పెద్ద లారీల్లో దేశమంతటా నిషేధమే. ఫ్రాన్స్, జర్మనీ ఒప్పుకోవు.

ఇవన్నీ పక్కనబెట్టినా నాకు అభ్యంతరం ఇంకొకటుంది. డిటెక్టర్ చెప్పేది పోలీసు ఎక్కడున్నాడని. ఎదురుగా రాంగ్ రూట్‌లో వస్తున్న బైకు గురించి చెప్పదు. చీకట్లో లైట్లు లేకుండా ఆగిన ట్రాక్టర్ గురించి చెప్పదు. మన దారుల్లో మనుషులు పోతున్నది వాటివల్ల.

మ్యాప్ యాపులు

ఖర్చు లేదు. ఫోనులో ఉన్నదే. గూగుల్ మ్యాప్స్ మన దేశంలో కెమెరాలను, మనం పోతున్న వేగాన్ని 2019 నుంచి చూపిస్తోంది, కొన్నిచోట్ల వేగపరిమితిని కూడా చూపిస్తుంది. మ్యాప్‌మైఇండియా వాళ్ల మ్యాపల్స్ యాప్ ఇంకో అడుగు ముందుకేసింది. ఐఐటీ మద్రాస్, కేంద్ర రోడ్డు రవాణా శాఖతో కలిసి మొదలుపెట్టిన ఏర్పాటు ప్రకారం ప్రమాదాలు ఎక్కువగా జరిగే చోట్లు, స్పీడ్ బ్రేకర్లు, పదునైన మలుపులు దగ్గరపడగానే గొంతుతో చెప్తుంది. మన రోడ్ల మీద స్పీడ్ బ్రేకరు చాలాసార్లు తెల్లగీత లేకుండా, బోర్డు లేకుండా ఎదురవుతుంది. కెమెరా హెచ్చరిక కన్నా ఆ ఒక్క హెచ్చరిక ఎక్కువ విలువైనది.

యాపుల్లో లోపాలూ ఉన్నాయి. కెమెరా ఉందని చెప్పిన చోట ఉండకపోవచ్చు, కొత్తగా పెట్టింది జాబితాలోకి ఎక్కకపోవచ్చు. చేతిలో గన్ పట్టుకుని నిలబడ్డ పోలీసును ఎవరైనా నొక్కి చెప్తే తప్ప యాప్ ఎరగదు. తెర మీది వేగపరిమితి అన్నిచోట్లా రోడ్డు మీది బోర్డుతో కలవదు. కలవనప్పుడు బోర్డుదే పైచేయి. ఫ్లైఓవర్ మీద ఉన్నామో కింద సర్వీస్ రోడ్డులో ఉన్నామో తేల్చుకోలేక అప్పుడప్పుడు తికమక పెడుతుంది. నల్లమలలో నంద్యాల–గిద్దలూరు ఘాట్‌లోకి దిగితే సిగ్నల్ పోతుంది కాబట్టి మ్యాప్‌ను ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి.

బండి నడుపుతూ ఫోన్ చేతిలో పట్టుకుంటే మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద ప్రమాదకర డ్రైవింగ్. దారి చూసుకోవడానికి మాత్రమే, డ్రైవింగ్ మీద ధ్యాస చెదరకుండా వాడుకోవచ్చని 2020 అక్టోబరు నుంచి నియమాల్లో ఉంది. నాలుగైదు వందలు పెడితే గట్టి హోల్డర్ వస్తుంది. ఏసీ గాలి తగిలే చోట బిగించండి. అనంతపురం ఎండకు అద్దం దగ్గర పెట్టిన ఫోను వేడెక్కి మధ్యదారిలో ఆగిపోతుంది.

కారు ముల్లు 100 చూపిస్తున్నప్పుడు యాప్‌లో 95 ఎందుకొస్తుందని కొందరు కంగారు పడతారు. స్పీడోమీటర్ నిజం కన్నా తక్కువ చూపించకూడదన్నది తయారీ నియమం. అందుకే కంపెనీలు కొంచెం ఎక్కువ చూపించేలా పెడతాయి. తిన్నని రోడ్డు మీద ఒకే వేగంతో పోతున్నప్పుడు యాప్ అంకె నిజానికి దగ్గర. వేగం పెంచుతున్నప్పుడు, తగ్గిస్తున్నప్పుడు అది ఒకట్రెండు సెకన్లు వెనకబడుతుంది.

ఎదురొచ్చే బండి లైట్లు కొట్టి చెప్పడం, వాట్సాప్ గ్రూపులో చోటు పెట్టడం కూడా ఈ కోవలోవే. డివైడర్ ఉన్న రోడ్డు మీద లైట్ల సైగ ఎవరికో అర్థం కాదు. గ్రూపు సందేశం చదవాలంటే ఫోను చూడాలి. రెండూ వద్దు.

కారులోనే ఉన్నవి

నేను ఎక్కువ చెప్పాలనుకునేది వీటి గురించి. చాలామంది వీటిని వాడకుండా వదిలేస్తున్నారు.

2019 జులై 1 తర్వాత తయారైన ప్రతి కారులో 80 దాటితే ఉండుండి, 120 దాటితే ఆగకుండా మోగే హెచ్చరిక తప్పనిసరి. విసుగొస్తుందని దాన్ని తీసేయించుకుంటున్నవాళ్లు ఉన్నారు. దయచేసి తీయించకండి. చాలా మోడళ్లలో మెనూలోకి పోతే మనకు కావాల్సిన అంకె దగ్గర ఇంకో హెచ్చరిక పెట్టుకోవచ్చు. 95 పెట్టండి. క్రూయిజ్ కంట్రోల్ ఉన్న కార్లలో కొన్నింటికి స్పీడ్ లిమిటర్ కూడా ఉంటుంది. రెండూ వేరు. క్రూయిజ్ వేసిన వేగంలో బండి తనంతట తాను పోతుంది, కాలు తీసేయొచ్చు. లిమిటర్‌లో కాలు యాక్సిలరేటర్ మీదే ఉంటుంది, పెట్టిన అంకె దాటి మాత్రం బండి పోదు. పూర్తిగా అదిమి తొక్కితే అడ్డు తొలగిపోతుంది కాబట్టి అవసరానికి ఓవర్‌టేక్ చేయడానికి ఇబ్బంది లేదు. 44వ నంబరు మీద లిమిటర్ 98 దగ్గర పెట్టుకుని, నంద్యాల రోడ్డులో ఊళ్లు వచ్చినప్పుడల్లా తగ్గించుకుంటే చలానా గురించి ఆలోచించే పనే లేదు. క్రూయిజ్‌ను వానలో, ఘాట్‌లో, రాత్రి నిద్రమత్తు ఉన్నప్పుడు వాడొద్దు. కాలికి పని లేకపోతే కళ్లు ఇంకా తొందరగా మూతపడతాయి.

100కీ 120కీ తేడా ఎంత అని అడిగేవాళ్లకు లెక్క. కర్నూలు–అనంతపురం సుమారు 150 కిలోమీటర్లు. ఎక్కడా ఆగకుండా 100లో పోతే గంటన్నర, 120లో పోతే గంటం పావు. పావుగంట మిగులుతుంది. దారిలో అమకతాడు, కాసేపల్లి టోల్ గేట్ల దగ్గర, లారీల వెనక అందులో సగం పోతుంది.

ఆగడానికి పట్టే దూరం లెక్క వేరుగా ఉంటుంది. ఎదురుగా ఏదో ఉందని కన్ను చూసి కాలు బ్రేకు మీదికి పోయేసరికి ఒకటిన్నర సెకను అనుకుందాం. ఎండిన రోడ్డు, మంచి టైర్లు. 80లో వచ్చే కారు ఆగడానికి 70 మీటర్ల దాకా పడుతుంది. 100లో వంద మీటర్లకు దగ్గర. 120లో 130 మీటర్లు. డిమ్ లైటు వెలుగు మంచి కారుకే యాభై అరవై మీటర్లు. అంటే రాత్రి డిమ్ మీద 100లో పోతున్నవాడికి రోడ్డు మీద పడి ఉన్న వస్తువు కనబడే సమయానికి ఆగే దూరం మిగిలి ఉండదు.

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద జరిగింది ఎవరూ మరిచిపోలేరు. హైదరాబాద్ నుంచి బెంగళూరు పోతున్న ప్రైవేటు బస్సు, అంతకుముందే ప్రమాదంలో రోడ్డు మీద పడిన బైకును ఢీకొని ఈడ్చుకుపోయింది, మంటలంటుకున్నాయి. బైకు నడిపిన మనిషితో కలిపి 20 మంది పోయారు. 2021 ఫిబ్రవరి 14న వెల్దుర్తి మండలం మాదార్పురం దగ్గర, మదనపల్లె నుంచి అజ్మీర్ యాత్రకు పోతున్నవాళ్ల టెంపో డివైడర్ దాటి అవతలి వైపు లారీని ఢీకొని 14 మంది పోయారు. రెండూ జనం నిద్రపోయే వేళలో జరిగినవే. సగటు వేగం ఒక్క శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ఇలాంటి చోట్ల అర్థమవుతుంది.

స్పీడ్ గవర్నర్, డ్యాష్‌క్యామ్

లారీలు, బస్సులు కొనుక్కునేవాళ్లకు గవర్నర్ విషయంలో ఎంపిక లేదు, నియమం ఉంది. మోటారు వాహనాల నియమాల్లోని 118వ నియమం ప్రకారం రవాణా వాహనాలకు 80, టిప్పర్లకు, ట్యాంకర్లకు, స్కూల్ బస్సులకు, ప్రమాదకర సరుకు మోసేవాటికి 60 దగ్గర వేగం ఆగేలా గవర్నర్ ఉండాలి. ఫిట్‌నెస్ పరీక్ష రోజు వైరు తగిలించి మరుసటి రోజు తీసేసే అలవాటు ఉంది. స్కూల్ బస్సుకు ఇలా చేసే యజమానిని క్షమించకూడదు. పిల్లల తల్లిదండ్రులు బస్సు వెనక ఒకసారి బైకులో పోయి ఎంత వేగంలో పోతుందో చూసుకోవాలి. డ్రైవరు చేత వేగంగా నడిపించిన యజమాని మీద కూడా 183వ సెక్షన్ వర్తిస్తుంది. ట్రిప్పు టైము ఇంతలో ముగించాలని ఒత్తిడి పెట్టి, చలానా వస్తే డ్రైవరు జీతంలో కోసే ట్రావెల్స్ వాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

డ్యాష్‌క్యామ్ వేగాన్ని తగ్గించదు. కానీ ప్రమాదం తర్వాత తప్పెవరిదన్న గొడవలో మాట నిలబెడుతుంది. రాంగ్ రూట్‌లో వచ్చి గుద్దినవాడి తరఫున ఊరి జనం చుట్టుముట్టినప్పుడు దాని విలువ తెలుస్తుంది. మూడు నాలుగు వేల నుంచి దొరుకుతాయి. వేగాన్ని, చోటును కూడా నమోదు చేసే జీపీఎస్ ఉన్నది తీసుకుంటే తప్పుడు చలానాను సవాలు చేయడానికి కూడా పనికొస్తుంది. సీమ ఎండకు బ్యాటరీ ఉన్నది ఉబ్బిపోతుంది, కెపాసిటర్ ఉన్నదే అడగండి.

ఎవరికి ఏది

సొంత కారులో అప్పుడప్పుడు ఊళ్లకు పోయేవాళ్లకు కారు అలారం, హోల్డర్‌లో మ్యాప్, అంతే చాలు. హోల్డర్‌కు తప్ప వేరే ఖర్చు అక్కర్లేదు. డబ్బు పెట్టాలనిపిస్తే టైర్లకు పెట్టండి. వేసవిలో గుత్తి–అనంతపురం మధ్య నల్లరోడ్డు సెగకు పాత టైరు పగిలితే ఏ పరికరమూ కాపాడలేదు. టైర్లు చల్లగా ఉన్నప్పుడు, పొద్దున్నే వాటిలో గాలి చూపించుకోవాలి.

వారం వారం బెంగళూరు పోయొచ్చేవాళ్లు తర్వాతి కారు కొనేటప్పుడు సన్‌రూఫ్ కన్నా స్పీడ్ లిమిటర్ ఉందో లేదో ముందు అడగాలి. ఉన్న కారులో లేకపోతే జీపీఎస్ డ్యాష్‌క్యామ్ పెట్టుకోండి. టాక్సీవాళ్లకు మ్యాపల్స్, గూగుల్ రెండూ ఫోనులో ఉంటే మంచిది. ఘాట్ ఉన్న దారికి మొదటిది, ఊళ్లో దారి వెతకడానికి రెండోది. ప్రయాణికులు తొందర పెడితే తెర మీది వేగపరిమితిని చూపించొచ్చు. యాప్ చెప్తే గొడవ పెట్టుకోరు.

బైకువాళ్లకు వీటిలో ఏదీ సూటవ్వదు. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని మ్యాప్ వింటూ హైవే మీద పోవడం ప్రమాదం. వెనక వచ్చే లారీ హారన్ వినబడాలి. ఐఎస్‌ఐ హెల్మెట్, వెనక వైపు మెరిసే స్టిక్కరు, రాత్రి హైవే తప్పించుకోవడం. లారీ డ్రైవరన్నలకైతే డిటెక్టరూ వద్దు, యాపుల హెచ్చరికల మోత కూడా తగ్గించుకోండి. గవర్నర్ పనిచేస్తుంటే గన్‌తో పనేముంది? గువ్వలచెరువు దిగేటప్పుడు మొదటి మలుపుకు ముందే తక్కువ గేరులోకి మార్చుకోవడం ఒక్కటే అక్కడ అసలైన పరికరం.

చలానా వచ్చేస్తే

కారుకు మొదటిసారి అతివేగానికి చట్టంలో వెయ్యి నుంచి రెండు వేలు, మధ్య తరహా, పెద్ద బండ్లకు రెండు నుంచి నాలుగు వేలు. మళ్లీ దొరికితే లైసెన్సు స్వాధీనం చేసుకోవచ్చు. చలానాలో ఫొటో, వేగం, సమయం, చోటు, నంబరు ప్లేటు సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి. మీ నంబరు మీద వేరే బండి బొమ్మ ఉంటే అదే మీ సాక్ష్యం, ఆన్‌లైన్‌లో అభ్యంతరం పెట్టండి. బండి అమ్మేసినా ఆర్‌సీ మీ పేరునే ఉంటే నోటీసు మీకే వస్తుంది, కాబట్టి అమ్మిన వెంటనే పేరు మార్పించాలి.

వాట్సాప్‌లో చలానా పేరుతో ఏపీకే ఫైలు వస్తే నొక్కొద్దు. అది ఫోనులోకి దూరి బ్యాంకు ఓటీపీలు లాగేసే మోసం. ప్రభుత్వం చలానాను యాప్ ఫైలుగా పంపదు. బండి నంబరుతో పరివాహన్ ఈ-చలాన్ పోర్టల్‌లో మీరే వెతికి చూసుకోండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. జాతీయ రహదారి మీద బండి ఆగినా, ప్రమాదం కనబడినా, బోర్డు పడిపోయి ఉన్నా 1033కి చెప్పొచ్చు. చెట్టు చాటున దాగిన ఆ 60 బోర్డు గురించి కూడా చెప్పండి, దగ్గర్లోని కిలోమీటరు రాయి నంబరుతో సహా.